యంత్రం బడికి చేరింది, శాస్త్రం చేరవలసి ఉంది

ఒక శాస్త్రం విశ్వవిద్యాలయంలో పుట్టి పాఠశాల వరకు నడిచి రావడానికి సాధారణంగా చాలా కాలం పడుతుంది. 1869లో మెండలీవ్ ప్రకటించిన ఆవర్తన పట్టిక పల్లెటూరి ఉన్నత పాఠశాల గోడమీదికి ఎక్కడానికి కొన్ని తరాలు పట్టింది. ఆ మధ్యకాలంలో ఎందరో రసాయన శాస్త్రజ్ఞులు పాఠ్యగ్రంథాలు రచించారు, ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు, పదో తరగతి విద్యార్థికి ఏది చెప్పాలి, ఏది చెప్పనక్కరలేదు అన్న విషయమై ఏళ్ల తరబడి వాదించుకున్నారు. కంప్యూటర్ విషయంలో ఈ క్రమం తలకిందులైంది. యంత్రం ముందుగా బడికి వచ్చేసింది. దాని వెనుకనున్న శాస్త్రం మాత్రం చాలావరకు విశ్వవిద్యాలయ ప్రాంగణంలోనే ఉండిపోయింది.

ఆస్ట్రేలియా ఇందుకు మంచి ఉదాహరణ. ఈ దేశంలో ఆరవ, పదవ తరగతుల విద్యార్థులకు కంప్యూటర్ వినియోగంలో ఎంత ప్రావీణ్యం ఉందో తెలుసుకోవడానికి 2005 నుంచి జాతీయ స్థాయిలో నమూనా పరీక్షలు జరుగుతున్నాయి. నిర్ణీత ప్రమాణాన్ని అందుకున్న పదో తరగతి విద్యార్థులు 2011లో నూటికి 65 మంది. 2014లో 52 మంది. 2022 నాటికి 46 మంది. ఈ పదకొండేళ్లలోనే పిల్లల చేతుల్లోకి ల్యాప్‌టాప్‌లు, టాబ్లెట్లు, సెల్‌ఫోన్లు వెల్లువలా వచ్చాయన్నది అందరికీ తెలిసిందే. యంత్రాలు పెరిగినకొద్దీ జ్ఞానం దానంతట అదే పెరుగుతుందన్న నమ్మకానికి ఈ అంకెలలో ఆధారం కనబడదు.

2021 జనాభా లెక్కల ప్రకారం ఆస్ట్రేలియాలో ఇంట తెలుగు మాట్లాడేవారు సుమారు 59 వేల మంది. వీరిలో కంప్యూటర్ రంగాన్నే జీవనాధారంగా చేసుకున్న కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఐనప్పటికీ తమ పిల్లల బడిలో కంప్యూటర్ శాస్త్రం ఎవరు చెబుతున్నారు, ఏమి చెబుతున్నారు అని విచారించే తల్లిదండ్రులు అరుదు. దీపం కింద చీకటి అన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. పరిశోధకునికీ బడి పంతులుకూ మధ్య శాశ్వతమైన సంబంధం ఏర్పడనంత వరకు ఈ చీకటి తొలగదన్నదే ఈ వ్యాసంలోని ప్రధాన ప్రతిపాదన.

తొలినాటి సంబంధం

ఆస్ట్రేలియాకు గణక యంత్రాలలో గర్వించదగిన చరిత్ర ఉంది. సిడ్నీ విశ్వవిద్యాలయ ప్రాంగణంలోని రేడియో భౌతిక ప్రయోగశాలలో ట్రెవర్ పియర్సీ, మాస్టన్ బియర్డ్ నేతృత్వాన నిర్మితమైన యంత్రం 1949 నవంబరులో తన మొదటి ప్రోగ్రామును నడిపింది. తర్వాత సిరాక్ అన్న పేరుతో ప్రసిద్ధికెక్కిన ఈ యంత్రం 1955లో మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయానికి తరలివెళ్లి, 1964 వరకు పనిచేసింది. మొదటి తరం కంప్యూటర్లలో చెక్కుచెదరకుండా మిగిలిన అరుదైన వాటిలో ఇదొకటి. నేడది మెల్‌బోర్న్‌లోని సైన్స్‌వర్క్స్ ప్రదర్శనశాలలో ఉంది.

సిడ్నీ విశ్వవిద్యాలయపు మరొక యంత్రం సిలియాక్ 1956లో పని ప్రారంభించింది. దీని వెనుక ఒక ముచ్చటైన కథ ఉంది. అడాల్ఫ్ బాసర్ అనే నగల వర్తకుని గుర్రం డెల్టా 1951లో మెల్‌బోర్న్ కప్పు గెలిచింది. ఆ పందెపు సొమ్ములోనుంచి ఆయన ఇచ్చిన 50 వేల పౌండ్ల విరాళం సిలియాక్ నిర్మాణానికి మూలధనమైంది. ఆ విరాళాన్ని రాబట్టిన భౌతిక శాస్త్రాచార్యుడు హ్యారీ మెసెల్ అంతటితో ఆగలేదు. 1958లో పాఠశాలల సైన్సు ఉపాధ్యాయుల కోసం వేసవి శిబిరం ప్రారంభించాడు. 1962 నుంచి అటువంటి శిబిరాలను విద్యార్థులకూ ఏర్పాటు చేశాడు. అదే ఏడు న్యూ సౌత్ వేల్స్‌లో వింధమ్ పథకం పేరిట ఉన్నత పాఠశాల విద్యను పునర్వ్యవస్థీకరించినప్పుడు, కొత్త సైన్సు పాఠ్యక్రమానికి తగిన పుస్తకం లేదని గ్రహించి, తన సంపాదకత్వాన ఒక బృహత్ పాఠ్యగ్రంథాన్ని 1964లో వెలువరించాడు.

ఇక్కడ గమనించదగిన విషయం ఒకటి ఉంది. మెసెల్ మొదట పిలిచింది విద్యార్థులను కాదు, ఉపాధ్యాయులను. ఒక విద్యార్థికి చెప్పిన పాఠం ఆ ఒక్కనితోనే ఆగుతుంది. ఉపాధ్యాయునికి చెప్పిన పాఠం అతడు ఉద్యోగ విరమణ చేసేదాకా ఏటేటా కొత్త తరగతికి అందుతూనే ఉంటుంది.

కంప్యూటర్ల విషయంలో ఇటువంటి దూరదృష్టికి మరొక నిదర్శనం మెల్‌బోర్న్‌లోని మొనాష్ విశ్వవిద్యాలయంలో కనిపిస్తుంది. 1974లో అక్కడి కంప్యూటర్ కేంద్రం మోనెక్స్ అనే బోధన వ్యవస్థను రూపొందించింది. ఆ రోజుల్లో ప్రోగ్రామును యంత్రానికి అందించాలంటే కార్డులకు రంధ్రాలు పొడిచే ప్రత్యేక పరికరం కావాలి. అది బడులకు అందుబాటులో ఉండేది కాదు. మోనెక్స్ పద్ధతిలో విద్యార్థి కార్డుమీద మామూలు పెన్సిలుతో గుర్తులు పెడితే చాలు, యంత్రం చదువుకునేది. 30 మంది ఉన్న తరగతిలో ఒక గంట వ్యవధిలో ప్రతి విద్యార్థీ తన ప్రోగ్రామును రెండుసార్లు నడిపించుకోగలిగేలా దానిని తీర్చిదిద్దారు. మొదటిసారి తప్పు తెలుస్తుంది, రెండవసారి దిద్దుకోవచ్చు. తరగతిలో ఎందరుంటారు, పీరియడ్ ఎంతసేపు ఉంటుంది, పిల్లవాని సంచిలో ఏముంటుంది అన్న ప్రశ్నలతో ఆ నిపుణులు తమ పనిని మొదలుపెట్టారు. పాఠశాలను ఎరిగినవారే ఇటువంటి ప్రశ్నలు వేయగలరు.

యంత్రాల వెల్లువ

1970ల చివర చిన్న కంప్యూటర్లు మార్కెట్లోకి రావడంతో పరిస్థితి మారింది. యంత్రం బడిలోనే ఉన్నప్పుడు విశ్వవిద్యాలయంతో పనేమిటన్న భావన క్రమంగా బలపడింది. 1990లో మెల్‌బోర్న్‌లోని మెథడిస్ట్ లేడీస్ కాలేజీ అనే బాలికల పాఠశాల ఐదవ తరగతి మొదలుకొని విద్యార్థినులందరికీ సొంత ల్యాప్‌టాప్ ఉండాలని నిర్ణయించి ప్రపంచం దృష్టిని ఆకర్షించింది. అక్కడి ప్రయోగం వెనుక ఒక సిద్ధాంతం ఉంది. అమెరికాలో సీమోర్ పేపర్ట్ ప్రభృతులు రూపొందించిన లోగో భాష ద్వారా బాలికలు స్వయంగా ప్రోగ్రాములు రాస్తూ గణితాన్ని, తర్కాన్ని నేర్చుకోవాలన్నది ఆ సిద్ధాంతం. దానిని అనుకరించిన అనేకులు ల్యాప్‌టాప్‌ను స్వీకరించి సిద్ధాంతాన్ని విడిచిపెట్టారు.

2008లో ఆస్ట్రేలియా కేంద్ర ప్రభుత్వం డిజిటల్ విద్యా విప్లవం పేరుతో 9 నుంచి 12 తరగతుల విద్యార్థులందరికీ కంప్యూటర్లు సమకూర్చే పథకాన్ని చేపట్టింది. 200 కోట్ల డాలర్లకు పైబడిన వ్యయంతో అది 2013 వరకు సాగింది. దేశమంతటికీ వర్తించే కంప్యూటర్ పాఠ్యక్రమానికి తుది ఆమోదం లభించింది మాత్రం 2015 సెప్టెంబరులో. ఏనుగును కొన్నవాడు అంకుశం దగ్గర బేరమాడాడన్న సామెత తెలుగువారికి కొత్తది కాదు. ఇక్కడ ఏనుగు వచ్చి ఏడేళ్లయిన పిదప అంకుశం తయారైంది.

ఆంధ్రదేశంలో 1980లలో చదువుకున్నవారికి కూడా ఇటువంటి అనుభవం గుర్తుండే ఉంటుంది. 1984లో భారత ప్రభుత్వం ప్రారంభించిన క్లాస్ పథకం కింద కొన్ని పాఠశాలలకు బీబీసీ మైక్రో కంప్యూటర్లు వచ్చాయి. చాలాచోట్ల కంప్యూటర్ గది అంటే తలుపు తాళం, యంత్రంమీద గుడ్డ ముసుగు, గడప బయట విడిచిన చెప్పుల వరుస. గర్భగుడికిచ్చే మర్యాదంతా దానికి దక్కింది. శాస్త్రానికి కావలసిన చొరవ మాత్రం దక్కలేదు.

కంప్యూటర్ శాస్త్రమంటే ఏమిటి

గాజు గొట్టాలు, బ్యూరెట్లు, బున్సెన్ దీపాలు కొని అమర్చినంత మాత్రాన రసాయన శాస్త్రం బోధించినట్లు కాదు. పరమాణువు, సంయోజకత, మోల్ అనే భావనలు విద్యార్థి మనసులో పాదుకొన్నప్పుడే గాజు గొట్టంలో మారిన రంగుకు అర్థం ఏర్పడుతుంది. అలాగే పత్రాలు టైపు చేయడం, చిత్రాలు అతికించడం, అంతర్జాలంలో వెతకడం కంప్యూటర్ వినియోగానికి సంబంధించినవి. సమాచారాన్ని ఎలా సంకేతించాలి, ఒక సమస్యను ఎన్ని అడుగులలో సాధించవచ్చు, సాధించడానికే వీలులేని సమస్యలు ఉన్నాయా అన్నవి కంప్యూటర్ శాస్త్రం వేసే ప్రశ్నలు.

ఈ ప్రశ్నలను యంత్రం లేకుండానే పిల్లల ముందు పెట్టవచ్చునని నిరూపించినవారు పొరుగు దేశమైన న్యూజిలాండ్‌లోని పరిశోధకుడు టిమ్ బెల్, ఆయన సహచరులు ఇయన్ విటెన్, మైకేల్ ఫెలోస్. వీరి సీఎస్ అన్‌ప్లగ్డ్ పుస్తకం 1998లో వెలువడింది. ఫెలోస్ తర్వాత కొంతకాలం ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయాలలోనే పనిచేశాడు. వీరి కార్యక్రమాలలో ఒకదానిని ఉదాహరణగా తీసుకోవచ్చు.

ఒకవైపు రంగు, మరొకవైపు తెలుపు ఉన్న అట్టముక్కలను ఐదు వరుసలు, ఐదు నిలువులుగా ఇష్టం వచ్చినట్లు పేర్చమని ఒక బాలునికి చెబుతారు. ఆట మరికొంత కష్టంగా ఉండాలనే నెపంతో ఉపాధ్యాయురాలు ఆరవ వరుసను, ఆరవ నిలువును తానే చేరుస్తుంది. తర్వాత ఆమె వెనుదిరిగి ఉండగా బాలుడు ఏదో ఒక ముక్కను తిప్పివేస్తాడు. ఆమె ఇటు తిరిగి క్షణంలో ఆ ముక్కను చూపిస్తుంది. తరగతి అంతా ఇంద్రజాలమని ఆశ్చర్యపోతుంది. రహస్యం చిన్నది. ఆమె చేర్చిన ముక్కల వల్ల ప్రతి వరుసలోనూ, ప్రతి నిలువులోనూ రంగు ముక్కల సంఖ్య సరిసంఖ్య అయింది. ఒక ముక్క తిరగబడగానే ఒక వరుసలోను, ఒక నిలువులోను ఆ సంఖ్య బేసి అవుతుంది. ఆ రెండూ కలిసేచోట తప్పు ఉన్నట్లు. కంప్యూటర్ జ్ఞాపకశాలలోను, సమాచార ప్రసారంలోను దొర్లే దోషాలను పసిగట్టే పద్ధతులకు మూలం ఇదే. దీనికి కావలసిన సామగ్రి 36 అట్టముక్కలు. 200 కోట్ల డాలర్ల పథకం ఇవ్వలేకపోయిన భావనను 36 అట్టముక్కలు ఇవ్వగలవు. ఐతే అవి ఉపాధ్యాయురాలి చేతికి అందాలంటే, ఏ భావన బాలలకు చెప్పదగినదో ఎంచి, దానిని ఆటగా మలచే పరిశోధకుడు ముందుగా ఉండాలి.

ఇటీవలి వారధులు

ఈ దిశగా ఆస్ట్రేలియాలో జరిగిన మంచి కృషిని విస్మరించరాదు. 2015లో ఆమోదం పొందిన డిజిటల్ టెక్నాలజీస్ పాఠ్యక్రమం ప్రకారం చిన్న తరగతులనుంచే దత్తాంశం, సంకేతీకరణం, ఆల్గరిథమ్ అనే భావనలు ప్రవేశిస్తాయి. 5, 6 తరగతులలో బొమ్మల దిమ్మెలతోను, 7, 8 తరగతులలో అక్షరాలతో రాసే భాషలోను విద్యార్థులు ప్రోగ్రాములు రచించాలి. ఈ పాఠాలు చెప్పవలసిన ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయులు తమ శిక్షణ కాలంలో ఇటువంటి విషయాలను సాధారణంగా చదివినవారు కారు. గ్రామీణ ప్రాంతాలలో గణితమో, వ్యాయామ విద్యో బోధించే ఉపాధ్యాయుడే ఈ పీరియడ్ కూడా తీసుకోవలసి రావడం వింత కాదు.

ఈ లోటును ముందుగా గ్రహించినవారిలో అడిలైడ్ విశ్వవిద్యాలయంలోని కంప్యూటర్ శాస్త్ర విద్యా పరిశోధక బృందం ఒకటి. కత్రినా ఫాక్నర్, ఆమె సహచరులు గూగుల్ సంస్థ సహకారంతో 2014లో ఉపాధ్యాయుల కోసం ఉచిత ఆన్‌లైన్ శిక్షణను ప్రారంభించారు. పాఠం వినడంతోపాటు, ప్రతి ఉపాధ్యాయుడూ తన తరగతికి తగిన పాఠాన్ని తయారుచేసి తోటివారితో పంచుకోవడం అందులో ముఖ్యభాగం. తర్వాత కేంద్ర ప్రభుత్వ సహాయంతో రోబోలు మొదలైన ఉపకరణాలను దేశంలోని పాఠశాలలకు ఉచితంగా ఎరువిచ్చే ఏర్పాటు కూడా వారు చేశారు.

విక్టోరియా రాష్ట్రంలో మరొక రకం వారధి ఏర్పడింది. మెల్‌బోర్న్, మొనాష్ విశ్వవిద్యాలయాల ఆచార్యుల తోడ్పాటుతో రూపొందిన ఆల్గరిత్మిక్స్ అనే పాఠ్యవిషయం 2015 నుంచి పన్నెండవ తరగతి స్థాయిలో ఉంది. అలన్ ట్యూరింగ్ ఊహించిన యంత్రం, ఏ ప్రోగ్రామూ పరిష్కరించలేని సమస్యలు మొదలైన గంభీర విషయాలను పదిహేడేళ్ల విద్యార్థులు ఇందులో చదువుతారు. పరిశోధకులు పూనుకుంటే పాఠశాల స్థాయి ఎంతవరకు ఎదగగలదో చెప్పడానికి ఇది తార్కాణం. ఐతే దీనిని ఎన్నుకునే విద్యార్థులు స్వల్పసంఖ్యాకులే. దీనిని బోధించగల ఉపాధ్యాయులున్న పాఠశాలలూ స్వల్పమే.

సిడ్నీ విశ్వవిద్యాలయంలో 1990లనుంచి జరిగిన జాతీయ కంప్యూటర్ శాస్త్ర వేసవి శిబిరాలు ఎందరో ప్రతిభావంతులైన విద్యార్థులను ఈ రంగంవైపు మళ్లించాయి. ఐతే వేసవి శిబిరానికి వచ్చేవారు అప్పటికే ఆసక్తి ఉన్నవారు. మంచి పాఠశాల, చదువుకున్న తల్లిదండ్రులు ఉన్నవారికి ఇటువంటి అవకాశాల వార్త ముందుగా అందుతుంది. బ్రోకెన్ హిల్‌లోనో, ఆలిస్ స్ప్రింగ్స్‌లోనో చదివే బాలికకు అది అందాలంటే ఆమె బడిలోని ఉపాధ్యాయుడే ద్వారం కావాలి.

ఈ మూడు ప్రయత్నాలనుంచీ నేర్వదగిన పాఠం ఒకటే. విద్యార్థిని నేరుగా చేరే కార్యక్రమం కొందరిని మెరిపిస్తుంది. ఉపాధ్యాయుని ద్వారా వెళ్లే కార్యక్రమం నెమ్మదిగానైనా అందరినీ తడుపుతుంది. అలాగే, ఒకరిద్దరు వ్యక్తుల ఉత్సాహం మీదో, రెండుమూడేళ్ల గ్రాంటు మీదో ఆధారపడిన వారధి ఆ వ్యక్తులో, ఆ గ్రాంటో తప్పుకోగానే కూలిపోతుంది.

ఇరువైపులా నేర్చుకోవలసినదే

ఆచార్యుడు బోధిస్తాడు, బడిపంతులు వింటాడు అన్న భావన ఈ సంబంధానికి మొదటి శత్రువు. ఒక చిన్న ఉదాహరణ చాలు. ప్రోగ్రాములు రాసేవారికి ఎక్స్ ఈక్వల్స్ ఎక్స్ ప్లస్ వన్ అనే వాక్యం సర్వసాధారణం. ఎక్స్ అనే పెట్టెలో ఉన్న సంఖ్యకు ఒకటి కలిపి మళ్లీ అదే పెట్టెలో ఉంచమని దాని అర్థం. కాని ముందు పీరియడ్‌లో బీజగణితం చదువుకుని వచ్చిన పదమూడేళ్ల బాలికకు అది పచ్చి అబద్ధంగా కనిపిస్తుంది. ఏ సంఖ్యా తనకన్న ఒకటి ఎక్కువైన సంఖ్యకు సమానం కాజాలదు కదా! ఆ బాలిక తెలివితక్కువది కాదు, గణితం సరిగా నేర్చుకున్నది. ఈ చిక్కు ఎక్కడ వస్తుందో, ఆ సమయంలో పిల్లల ముఖం ఎలా మారుతుందో తరగతి ఉపాధ్యాయునికి తెలుసు. సమాన చిహ్నానికి కంప్యూటర్ భాషలో వేరే అర్థం ఎందుకు వచ్చిందో, ఆ చిక్కు లేకుండా వేరే చిహ్నాన్ని వాడే భాషలేవో పరిశోధకునికి తెలుసు. ఇద్దరూ కలిసి కూర్చుంటేనే మంచి పాఠం తయారవుతుంది.

ఇంగ్లండులో ఈ సమానత్వం ఫలించింది. ప్రోగ్రామింగ్ భాషల పరిశోధనలో లబ్ధప్రతిష్ఠుడైన సైమన్ పేటన్ జోన్స్ 2008లో కొందరు ఉపాధ్యాయులు, ఆచార్యులతో కలిసి కంప్యూటింగ్ ఎట్ స్కూల్ అనే బృందాన్ని నెలకొల్పాడు. 2012లో రాయల్ సొసైటీ పాఠశాలల కంప్యూటర్ విద్యను తీవ్రంగా విమర్శిస్తూ నివేదిక ప్రకటించింది. 2014 సెప్టెంబరులో కొత్త కంప్యూటింగ్ పాఠ్యక్రమం అమలులోకి వచ్చింది. ఆరేళ్లలో ఇంత మార్పు సాధ్యపడడానికి ఆ బృందంలో ఉపాధ్యాయునికీ ఆచార్యునికీ ఒకే పీట వేయడం ముఖ్యకారణమనవచ్చు.

కొన్ని ఆక్షేపణలు

కృత్రిమ మేధ తానే ప్రోగ్రాములు రాస్తున్న ఈ రోజుల్లో బాలలకు ఈ శ్రమ ఎందుకని ప్రశ్నించేవారున్నారు. 2023 ప్రారంభంలో న్యూ సౌత్ వేల్స్, విక్టోరియా మొదలైన రాష్ట్రాలు ప్రభుత్వ పాఠశాలల్లో చాట్‌జీపీటీని నిరోధించాయి. దక్షిణ ఆస్ట్రేలియా వేరు మార్గం ఎంచుకుని, పాఠశాలల కోసం ప్రత్యేకంగా సిద్ధం చేసిన సాధనాన్ని ప్రయోగాత్మకంగా వాడింది. ఆ సంవత్సరాంతానికి విద్యామంత్రులందరూ ఒక చట్రాన్ని అంగీకరించి, 2024 నుంచి వినియోగానికి తలుపు తెరిచారు. ఒక్క సంవత్సరంలో నిషేధమూ, అనుమతీ రెండూ జరిగాయి. 2025 డిసెంబరు 10 నుంచి పదహారేళ్ల లోపు పిల్లలకు సామాజిక మాధ్యమాలలో ఖాతాలుండరాదన్న చట్టం అమలులోకి వచ్చింది. చట్టం ఖాతాను ఆపగలదు. ఒక తెరమీద ఏ వార్త ముందు కనబడాలో నిర్ణయించే ఆల్గరిథమ్ ఎలా పనిచేస్తుందో పిల్లవానికి చెప్పగలిగేది బడి మాత్రమే. క్యాలిక్యులేటర్ వచ్చినా కూడికలు నేర్పడం ఎవరూ మానలేదు. యంత్రం ఇచ్చిన సమాధానం తప్పని గుర్తించగలిగే బుద్ధికి యంత్రం ప్రత్యామ్నాయం కాదు.

పరిశోధకులకు తీరికలేదన్నది రెండవ ఆక్షేపణ. ఇది నిజమే. విశ్వవిద్యాలయాలలో ఉద్యోగోన్నతి ప్రచురించిన పత్రాలను, సంపాదించిన గ్రాంటులను బట్టి జరుగుతుంది. పాఠశాలకు వెళ్లివచ్చిన మధ్యాహ్నం ఎవరి లెక్కలోకీ రాదు. కావున దోషం వ్యక్తులది కాదు, కొలబద్దది. రసాయన శాస్త్రజ్ఞుల విషయంలో రాయల్ ఆస్ట్రేలియన్ కెమికల్ ఇన్‌స్టిట్యూట్ పాఠశాల విద్యార్థులకు ఎన్నో ఏళ్లుగా టైట్రేషన్ పోటీలు నిర్వహిస్తూ వచ్చింది. విశ్వవిద్యాలయ ప్రయోగశాలలు ఆ రోజు బడి పిల్లలతో నిండుతాయి. ఒక వృత్తిసంఘం పూనుకుంటే వ్యక్తుల తీరిక సమస్య కొంత తీరుతుందని ఇది సూచిస్తుంది.

చేయదగిన పనులు

మొదటిది, ఒక పరిశోధకుని ఒక ఉపాధ్యాయునితో కనీసం ఒక విద్యా సంవత్సరం జత చేయాలి. నాలుగు టర్ములలో టర్ముకొక పాఠభాగాన్ని ఇద్దరూ కలిసి రూపొందించాలి. ఏడాదికొకసారి వచ్చి, రోబోను ఆడించి, చప్పట్లు అందుకుని వెళ్లే సందర్శనల వల్ల ప్రయోజనం అల్పం.

రెండవది, ఈ పనికి ఉపాధ్యాయునికి తరగతులనుంచి విడుదల సమయం, పరిశోధకునికి ఉద్యోగోన్నతిలో గుర్తింపు లభించాలి. పీహెచ్‌డీ విద్యార్థులు విశ్వవిద్యాలయంలో ట్యుటోరియల్స్ చెప్పినందుకు వేతనం పొందుతున్నట్లే, పాఠశాలలో చెప్పినందుకూ పొందాలి.

మూడవది, నగరాల పేరుపొందిన బడులకు కాక, కంప్యూటర్ శాస్త్రం చదవని ఉపాధ్యాయులే దిక్కైన బడులకు తొలి ప్రాధాన్యం ఇవ్వాలి.

తెలుగువారి పాత్ర

ఈ విషయంలో ఆస్ట్రేలియాకూ తెలుగుదేశానికీ ఒక ఆత్మీయ బంధం ఉంది. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో జన్మించిన దబ్బాల రాజగోపాల రెడ్డి, అనగా రాజ్ రెడ్డి, మద్రాసు గిండీ కళాశాలలో ఇంజనీరింగ్ పూర్తిచేసి, 1960లో సిడ్నీలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో ఎంటెక్ పట్టం పొందారు. ఆ విశ్వవిద్యాలయంలో యూటీకామ్ అనే కంప్యూటర్ 1956నుంచే పనిచేస్తూ ఉండేది. కొన్నాళ్లు ఆస్ట్రేలియాలోనే ఐబీఎం సంస్థలో పనిచేసి, తర్వాత అమెరికా వెళ్లి, కృత్రిమ మేధలో చేసిన కృషికి 1994లో ట్యూరింగ్ పురస్కారాన్ని పంచుకున్నారు. అంత ఎత్తుకు ఎదిగిన శాస్త్రజ్ఞుడు 2008లో ఆంధ్రప్రదేశ్‌లో నెలకొల్పిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయానికి తొలి కులపతిగా ఉన్నారు. పదో తరగతి ముగించిన గ్రామీణ విద్యార్థులను నేరుగా చేర్చుకుని ఆరేళ్లు చదివించడం నూజివీడు, బాసర, ఇడుపులపాయ ప్రాంగణాల లక్ష్యం. బడికీ విశ్వవిద్యాలయానికీ మధ్యనున్న గోడను తొలగించే ప్రయత్నాలలో అది పెద్దది.

అంతటి సంస్థలు స్థాపించడం అందరికీ సాధ్యం కాదు. ఐతే తెలుగు సంఘాలకు చేతిలోనే ఉన్న సాధనం వారాంతపు తెలుగు బడి. ఛందస్సులో లఘువు, గురువు అనే రెండే గుర్తులతో మూడేసి అక్షరాల గణాలు ఎనిమిది ఏర్పడతాయని తెలుగు పంతులు చెబుతాడు. రెండు గుర్తులు, మూడు స్థానాలు, ఎనిమిది రూపాలు. కంప్యూటర్‌లోని ద్విసంఖ్యామానం ఇదే. ఇక యమాతారాజభానసలగం అనే సూత్రాన్ని పరిశీలించాలి. దీనిలో ఏ అక్షరంతో ప్రారంభించి వరుసగా మూడు అక్షరాలు తీసుకుంటే ఆ అక్షరం పేరుగల గణం వస్తుంది. యమాతా య గణం, మాతారా మ గణం, ఈ క్రమంలో సలగం స గణం. ఎనిమిది గణాలను విడివిడిగా రాస్తే 24 అక్షరాలు కావాలి. ఈ సూత్రంలో ఉన్నవి 10. చివరి రెండు అక్షరాల లఘుగురువులు మొదటి రెండింటితో సరిపోతాయి కనుక వృత్తాకారంలో పేర్చితే 8 చాలు. 1946లో డి బ్రూయిన్ అనే డచ్చి గణితజ్ఞుడు పరిశోధించిన, నేడు ఆయన పేరుతో పిలవబడే శ్రేణులు ఇటువంటివే. వాటిని కంప్యూటర్ శాస్త్రంలో ఇప్పటికీ వాడుతున్నారు. తెలుగు పంతులు, కంప్యూటర్ పరిశోధకుడు ఒక ఆదివారం కలిసి ఈ పాఠం చెబితే బాలలకు భాషమీద గౌరవమూ, శాస్త్రంమీద ఆసక్తీ ఒకేసారి కలుగుతాయి. ఆ పాఠాన్ని చూచిన వేరొక బడి ఉపాధ్యాయురాలు తన తరగతికి తీసుకుపోవడానికీ అడ్డులేదు.

ఆస్ట్రేలియా విశ్వవిద్యాలయాలలో కంప్యూటర్ శాస్త్రం బోధించే తెలుగువారు, పీహెచ్‌డీ చేస్తున్న యువతీయువకులు తక్కువేమీ కాదు. సంఘాలు వారిని వేదికమీద శాలువాతో సత్కరించి పంపడంతో సరిపెట్టక, తమ ఊరి బడి ఉపాధ్యాయునికి పరిచయం చేయడం ఇంకా విలువైన పని. తల్లిదండ్రులు కూడా సెలెక్టివ్ స్కూల్ పరీక్షల ట్యూషన్లకు వెచ్చించే సమయంలో కొంత, పిల్లల బడికి వెళ్లి కంప్యూటర్ ఉపాధ్యాయునికి ఏ సహాయం కావాలని అడగడానికి వెచ్చించవచ్చు. వారిలో ఎందరికో ఆ సహాయం చేయగల అర్హత ఉంది. కొత్త విద్యా సంవత్సరం జనవరి చివరలో మొదలవుతుంది. అప్పటికి సంఘానికొక జంట, అనగా ఒక పరిశోధకుడు, ఒక ఉపాధ్యాయుడు, సిద్ధమైతే అది మంచి ఆరంభమవుతుంది.